గంధం పూసిన డంబెల్

చింతాద్రిపేట,
ఆదివారం

చిరంజీవి శ్రీప్రియకు మీ అమ్మ దీవెనలు పెట్టి రాసేదేమంటే,

ఈడ మేం బాగుండాం, ఆడ నువ్వు బాగుండావని తలుస్తా ఉండాం అని ముందు రాయాల గదా, రాసేసినా. అందులో నిజమెంతో కిందికి పోయేకొద్దీ నీకే తెలుస్తాది. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్తా. నడమలో కోపమొచ్చి మడిచి పారేయబాకు. కడదాకా చదివి, ఆపైన నన్ను ఎంతయినా తిట్టుకో.

నీ ఉత్తరం బుధవారం చేరింది. జట్టు ట్రయల్స్ అయ్యేదాకా మీ వెయిట్‌లిఫ్టింగ్ శిబిరంలో ఫోన్లన్నీ పెరుక్కోని బీరువాలో పెట్టినారని నీకు బాధ. నాకయితే లోలోపల సంతోషమే. ఫోన్లో అయితే “ఊఁ, తిన్నా, పడుకుంటా, పెట్టేస్తా” తప్ప ఇంకో మాట రాదు నీ నోట్లోంచి. ఇప్పుడు చూడు, పేజీలకి పేజీలు! నడమ నడమ తమిళం తొంగి చూసింది, పోనీలే. మీ నాయన లేత్ షాపు మూసి వచ్చినాక కూచోబెట్టి చదివి వినిపించినా. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు పాపం. రెండు వరసలు మాత్రం మింగేసి మిగతాదంతా చదివినా. ఏ వరసలో నీకు తెలుసు. “మాత్ర వేసుకోని ఎత్తతా ఉండా, నొప్పి తెలియడం లేదు. నా చెయ్యి సంగతి ఎవురికీ చెప్పలేదు గదమ్మా?” అని రాసినావే, అవి. దానికి జవాబు ఆఖర్న రాస్తా. ముందు మిగతావి కానీ.

వాన గురించి అడిగినావు. వారంగా వదలకుండా కొడతా ఉండాది. మన సందులో నీళ్ళు మోకాటిదాకా వచ్చినాయి, కూవం నది కంపు సరాసరి వంటింట్లోకే. కింద పోర్షన్ చెల్లమ్మక్క సామానంతా మంచం మీదికెక్కించేసి, తాను వచ్చి మన మెట్ల మీద కూచోని కాఫీ తాగతా ఉండాది. “మీ అమ్మాయి ఊళ్ళో లేకపోయేసరికి మధ్యాన్నం నిద్రే రావడం లేదు భువనా” అంటాది. నువ్వు మిద్దె మీద బరువులు దించినప్పుడల్లా పైకప్పు కూలతా ఉండాదని ఈమే గదా నాతో జగడం పెట్టుకొనింది! ఇప్పుడు చూస్తే ఆ చప్పుడే జోలపాటంట.

మీ నాయన టీలో చక్కెర మానినాడా అని అడిగినావు. ఇంట్లో మానినాడు. షాపు పక్క టీకొట్లో ఏం చేస్తాడో ఆ పెరుమాళ్ళకే తెలియాల.

ఇంక నా చెయ్యి. రోజూ చేస్తా ఉండావా, ఎగ్గొడతా ఉండావా అని గద్దించినావు. చేస్తానే ఉండా తల్లీ. పోయిన ఏడు ఇట్టాంటి వానలోనే మెట్ల మీద జారి మణికట్టు విరిగి, కట్టు విప్పేసరికి నా చెయ్యి మునక్కాడ మాదిరి అయిపోయింది గదా. జాకెట్టు గుడ్డకి కత్తెర పెట్టాలంటే వేళ్ళు ఒణికేవి. ఫిజియో జెబ “చిన్న డంబెల్ ఎత్తక్కా, కండ తిరిగొస్తాది” అంటే, ఈ వయసులో నేను పయిల్వాన్ అయ్యేదేందని నవ్వినా. నువ్వు నవ్వలేదు. శిబిరం నుంచి లీవులో వచ్చినప్పుడల్లా పక్కన నిలబడి, నీళ్ళ బాటిల్‌తో మొదలుపెట్టించి, బెత్తం లేని టీచరు మాదిరి సతాయించినావు.

ఇప్పటికీ నువ్వు చెప్పినవన్నీ నీ గొంతుతోనే వినపడతాయి. “కాళ్ళు నడుమంత ఎడంగా పెట్టు. మోకాళ్ళు బిగబట్టబాకు. మోచెయ్యి పక్కటెముకకి అంటుకోనే ఉండాల, అది ముందుకొచ్చిందంటే చెయ్యి చెయ్యాల్సిన పని భుజం చేస్తా ఉండాదని అర్థం. మణికట్టు వెనక్కి వాలనీకు. ఎత్తేటప్పుడు గాలి వదులు. దించేటప్పుడు ఎత్తినదానికన్నా నిదానంగా దించు. నడుము ఊపి ఎత్తేది కసరత్తు కాదమ్మా, మోసం.” నేనొకసారి ఊపితే, “ఊయల ఊపతా ఉండావా? బిడ్డ ఏదీ?” అన్నావు. చెల్లమ్మక్క పడీ పడీ నవ్వింది. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఇంకొకటుండాది. “కండ మండితే పరవాలేదు. సూది గుచ్చినట్టు పొడిస్తే మాత్రం ఆ క్షణమే కింద పెట్టెయ్యి. మిగిలింది రేపు చేసుకోవచ్చు, చెయ్యి పోతే ఏం చేస్తావు?” ఇది నా మాట కాదు పాపా, నీ మాటే.

ఇప్పుడు రెండు కిలోలది ఎత్తతా ఉండా. గోడకి వీపు ఆనించి చేస్తే నడుము ఊగదని నేనే కనిపెట్టినా. జెబ మెచ్చుకొనింది. పొద్దున కుట్టు మిషను ముందర కూచునే ముందు చేస్తా, వాన లేకపోతే సాయంకాలం మిద్దె మీద కూడా చేస్తా. చేసినప్పుడల్లా విజయదశమి రోజే కళ్ళ ముందరికొస్తాది, ఏం చేసేది.

మొన్న నువ్వు లీవుకొచ్చిన ఆ ఆయుధ పూజ. మీ నాయన లేతుకి, స్కూటరుకి, నా కుట్టు మిషనుకి, కత్తెరకి, మిక్సీకి కూడా గంధం కుంకం పెట్టి, ఆఖర్న నీ డంబెల్స్ తెచ్చి పీట మీద పెట్టినాడు. నువ్వు స్కూల్లో ఉన్నప్పుడు ఆయన లేతు మీద తానే తిప్పి చేసిన డంబెల్స్. పట్టు జారకుండా పిడి మీద గరుకు గీతలు కూడా తానే కోసినాడు. “నా బిడ్డకి ఇవే ఆయుధాలు” అని ఆ పిడి నిండా గంధం పూసినాడు. ఆ గంధం అరగదీసిచ్చింది నేనే, మంచి చిక్కగా. పూజ చేసిన పనిముట్టుని ఆ రోజు ముట్టకూడదు, మరుసటి రోజు విజయదశమికి దానితోనే పని మొదలుపెట్టాల. పెట్టిన గంధం చేత్తో తుడవకూడదు, పని చేస్తా ఉంటే దానంతట అదే రాలిపోవాల. మనింట్లో తాతల నాటి నుంచి అదే లెక్క. నువ్వు డంబెల్ పట్టుకోని, “నాయనా, పిడి ఒక్కటీ తుడుచుకోనా?” అని అడిగినావు. ఆయన, “తుడవబాకమ్మా, ట్రయల్స్ ముందర లక్ష్మిని తుడిచేసుకుంటామా?” అన్నాడు. వంటింట్లోంచి నేను కూడా “అవునే, ఉండనీ” అని తాళం వేసినా.

లేతుకి గంధం పూస్తే లేతుకేం కాదు. కత్తెరకి బొట్టు పెడితే కత్తెరకేం కాదు. డంబెల్ అట్ట కాదే, అది పిడికిట్లో ఉండేది! గీతల్లో గంధం కూరుకోని గరుకంతా పోయింది. నీ చెమట తగిలేసరికి సబ్బు మాదిరి అయింది. ఇనుముతోనే బతికే మనిషి మీ నాయన, ఆయనకీ తట్టలేదు, బరువులెత్తే నీకూ తట్టలేదు, నా సంగతి సరే సరి. భక్తి ముందర బుద్ధి పని చెయ్యలేదు ముగ్గురికీ.

మిద్దె మీద నువ్వొక్కదానివే ఉండావు. పెద్ద డంబెల్ పైకెత్తినాక జారింది. నాకు నువ్వు నేర్పింది ఏంది? “జారితే వదిలెయ్యి, అడుగు వెనక్కెయ్యి, దాన్ని పట్టుకోబోవద్దు” అనే గదా? నువ్వు మాత్రం వదల్లేదు. పడేదాన్ని సగంలో వంగి అందుకున్నావు. ఆ బరువుతో చెయ్యి కిందికి సాగిపోయి, మోచేతి మడతలో టప్పుమనింది. నువ్వు కిందికొచ్చి ఏమీ కానట్టు రెండు వడలు తిని, పండగ పాయసం తాగినావు.

రైలెక్కే ముందు సాయంకాలం గదా నాకు తెలిసింది. అదీ నీ నోటితో నువ్వు చెప్పలా, నీ చెయ్యి చెప్పింది. నేను కసరత్తు చేస్తా ఉంటే, మణికట్టు వాలిందని నా చేతిలోది లాక్కోని “ఇట్టా చెయ్యాల” అని చూపించబోయినావు. రెండు కిలోలది, నీకది గరిటెతో సమానం. నీ మోచెయ్యి పక్కటెముకని వదిలేసి ముందుకొచ్చింది. భుజం చెవిదాకా లేచింది. నడుము వెనక్కి పోయింది. నేను ముందు నవ్వినా. “యామే, నన్ను తిట్టేవన్నీ నువ్వే చేస్తా ఉండావే, బిడ్డ ఏదీ?” అని. నువ్వు నవ్వలేదు. కింద పెట్టేటప్పుడు ఎడమ చేత్తో ఆసరా పట్టుకున్నావు. నీ చొక్కా చెయ్యి పైకి తోసి చూస్తే మోచేతి మడతంతా వంకాయ రంగు.

“పూజ చేసింది కాలికి తగలకూడదని పట్టుకున్నానమ్మా” అని ఏడిచినావు. అయ్యో నా తల్లీ! పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోమని నేర్పింది నేను. చేట తొక్కబాకు, చీపురు దాటబాకు అని నేర్పింది నేను. నేర్పినవన్నీ తూచా తప్పకుండా నేర్చుకున్నావు. ఇది తలుచుకుంటే నాకు ఏడుపాగదు.

“ట్రయల్స్ అయ్యేదాకా ఎవురికీ చెప్పనని ఒట్టెయ్యి” అని నా చెయ్యి తీసి నీ తల మీద పెట్టుకున్నావు. వేసేసినా. బిడ్డ అట్టా ఏడుస్తా ఉంటే ఏ తల్లయినా వేస్తాది. ఆడ డాక్టర్లుంటారు, చిన్న బెణుకయి ఉంటాది, తగ్గిపోతాది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా.

బుధవారం నీ ఉత్తరంలో ఆ మాత్ర సంగతి చూసినాక సర్ది చెప్పుకునేది కుదరలేదు. గురువారం జెబ దగ్గరికి పోయి, “మా ఆయనకి ఇట్టా అయింది” అని అబద్ధం చెప్పి అడిగినా. టప్పుమని శబ్దం వచ్చిందా, నీలంగా కమిలిందా, తలుపు గడియ తిప్పితే పొడుస్తా ఉండాదా అని ఆమె ఒక్కొక్కటే అడిగింది. ఆ సాయంకాలం నువ్వు ఏడస్తా చెప్పినవే గదా, అన్నిటికీ అవునన్నా. ఆమె చేతిలోని పెన్ను కింద పెట్టేసింది. “అక్కా, కండని ఎముకకి కట్టి ఉంచే తాడు మాదిరిది ఒకటుంటాది. అది సగం తెగి ఉండొచ్చు. సగమే అయితే విశ్రాంతి ఇచ్చి, మీరు చేసినట్టే నీళ్ళ బాటిల్‌తో మొదలుపెట్టి నిదానంగా తెచ్చుకోవచ్చు. అది మానకముందే పెద్ద బరువు ఎత్తినారంటే పూరా తెగిపోతాది. అప్పుడు ఆపరేషన్ చేసినా మునుపటి చెయ్యి వస్తాదని ఎవురూ చెప్పలేరు. మాత్ర వేసుకుంటే నొప్పే తెలీదు, నొప్పి గదక్కా ఆపమని చెప్పేది? ఉడనే కూట్టిట్టు వాంగ” అన్నింది. వెంటనే పిలుచుకోని రమ్మని. “ఆయన ఏం పని చేస్తారు?” అని అడిగింది. నేనేం చెప్పేది? “బరువులెత్తే పని” అన్నా.

ఆ సాయంకాలమే మీ నాయనకి అంతా చెప్పేసినా. ఆయన మిద్దెక్కినాడు. ఎంతకీ దిగి రాకపోతే పోయి చూసినా. తడుస్తానే కూచోని, ఇనప బ్రష్షుతో డంబెల్ గీతల్లోని గంధం గీకతా ఉండాడు. కిందికొచ్చి, “కోచ్‌కి చెప్పబాకు భువనా. పిల్ల చిన్నప్పటి నుంచి దీని కోసమే బతికింది. ఇంకా ఎన్నాళ్ళు, ఓర్చుకుంటాది. ఇప్పుడు పేరు తీసేస్తే మళ్ళా పిలుస్తారా? నాయన వల్ల పోయిందని జన్మంతా నన్ను చూస్తాది” అన్నాడు. చెయ్యి పోతే ఏం చేస్తావంటే, పోదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. “ఎట్టా తెలుసు నీకు? ఆ చేతిని కూడా లేతు మీద తిప్పి చేసినావా? తెగితే ఇంకొకటి కోసిస్తావా?” అని అరిచినా. కింద చెల్లమ్మక్కకి కూడా వినపడింది. అంత మాట అనుండకూడదు. ఆ తరవాత ఆయన నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తింటాడు, మజ్జిగ కావాలంటే గ్లాసు ముందుకి తోస్తాడు, అంతే.

పాపా, ఇంక దాచి ఏం లాభం. నువ్వడిగినదానికి జవాబు రాస్తా ఉండా. చెప్పేసినా. మీ కోచ్ మేడంకే చెప్పేసినా.

ఆపదకని నువ్వు ఫ్రిజ్ మీద అంటించిపోయిన నంబరుకి, ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, శుక్రవారం జెబ క్లినిక్కులోంచే ఫోన్ చేసినా. ధైర్యానికి పక్కన ఒక మనిషి ఉండాలనిపించింది. నా హిందీ నీకు తెలుసు గదా. “మేడం, మై శ్రీప్రియ కీ మా, బేటీ కా హాథ్ ఖరాబ్” అన్నా. అవతల నుంచి ఏ చెయ్యి, ఎక్కడ అని అడిగితే మోచేతికి హిందీలో ఏమంటారో తెలియక భోరుమన్నా. జెబ ఫోన్ తీసుకోని ఇంగ్లీషులో అంతా చెప్పింది. పెట్టేసినాక నన్ను చూసి, “అయితే అక్కా, మీ ఆయన చెయ్యి బాగానే ఉండాది గదా?” అన్నింది. ఏడస్తానే నవ్వినా.

మీ మేడం నిన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. కుడి పక్క వెనకబడతా ఉండాదని ఆమె ఎప్పుడో కనిపెట్టిందంట. అడిగినప్పుడల్లా నిద్రలో పట్టేసిందని చెప్తా ఉండావంట. నిన్ను ట్రయల్స్‌లో ఉంచతానని ఆమె మాటివ్వలేదు, తీసేస్తానని కూడా అనలేదు. స్కాన్ చూసి చెప్తా, అంతదాకా ఏదో ఒక సాకు పెట్టి ఆ చేత్తో బరువు ఎత్తనీను అన్నింది. నీ పేరు పోతే అది నా వల్ల పోయినట్టు. మేడం మీద, మీ నాయన మీద కోపం పెట్టుకోబాకు, మొత్తం నా మీదే పెట్టుకో.

నాకేమీ బాధ లేదనుకోబాకు. నీ తల మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు. తప్పినప్పటి నుంచి గుండెలో రాయి పెట్టినట్టే ఉండాది. వానలోనే పెరుమాళ్ళ గుడికి పోయి, “ఒట్టు తప్పింది నేను, ఆ పాపమేందో నా తలకి కట్టు సామీ, పిల్ల జోలికి పోబాకు” అని మొక్కుకోని వచ్చినా. భయం ఒకపక్క, చేసింది సరే అనే మొండితనం ఒకపక్క. నువ్వు ఒక ఏడు నాతో మాట్లాడకపోయినా సరే. రెండు చేతులూ పెట్టుకోని మాట్లాడకుండా ఉండు, నేను తట్టుకుంటా.

ఇది రాస్తా ఉంటే మీ నాయన వచ్చి నా వెనకాల నిలబడినాడు. “గంధం సంగతి రాసినావా?” అన్నాడు. గురువారం నుంచి ఇదే మొదటి మాట. రాసినా అన్నా. “తుడవబాకని చెప్పింది నేనని రాసినావా?” అన్నాడు. అదీ రాసినా అన్నా. సరే అని చెప్పి, గొడుగు తీసుకోని పోయి కవరు కొనుక్కోని వచ్చినాడు.

ఆ కవరు మీద నీ పేరు రాయలేదు పాపా, మేడం పేరు రాస్తా ఉండా. “నేనడిగితే నొప్పి లేదంటాది. మీరు రాసి పంపండి, నా చేత్తోనే ఇస్తా, చదివేదాకా పిల్ల ముందర నుంచి కదలను” అని మేడం జెబతో చెప్పిందంట. అంటే నువ్వు ఈ వరస చదివేటప్పుడు ఆమె ఆడనే నిలబడి ఉండాది.

తలెత్తి చూడు. నొప్పి లేదని ఇంకొకసారి చెప్పబాకు. చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆ చెయ్యి ఆమె చేతిలో పెట్టు.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ అమ్మ,
భువనేశ్వరి